సర్వర్ సగంలో ఆగుతోంది, పిన్ను బెజ్జంలో దిగడం లేదు: ఏ ర్యాక్‌లో రైల్స్ ఎలా బిగించాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: 2యూ సర్వర్లు (యూ అంటే ర్యాక్‌లో ఎత్తు కొలత) నాలుగు, వాటితో వచ్చిన స్లైడింగ్ రైల్స్ నాలుగు జతలు, మూడు రకాల ర్యాక్‌లు. చదరపు బెజ్జాల క్యాబినెట్‌లో రైల్స్ ఎక్కాయి కానీ సర్వర్ సగం దూరం వెళ్లి బిగుసుకుంటోంది. థ్రెడ్ (స్క్రూ మర) ఉన్న గుండ్రటి బెజ్జాల, తలుపుల్లేని ఓపెన్ ర్యాక్‌లో రైల్ పిన్నులు అసలు దిగడం లేదు. మూడోది రెండే నిలువు పోస్టులున్న టూ-పోస్ట్ ర్యాక్, అందులో ఏం చేయాలో తెలియడం లేదు.

ముందుగా ఒక మాట. సర్వర్ బిగుసుకున్న చోట ఇంకా బలంగా నెట్టకండి. రైల్ సమస్య ఏదైనా బలంతో తీరదు. బాల్ బేరింగులు రాలిపోవడం, లోపలి రైల్ వంగిపోవడం, సర్వర్ బయటికీ లోపలికీ కదలకుండా ఇరుక్కుపోవడం, ఈ మూడూ నెట్టడం వల్లే జరుగుతాయి. కారణం ఎక్కువసార్లు మూడింటిలో ఒకటి: బెజ్జం రకం, బెజ్జం లెక్క, పోస్టుల మధ్య దూరం. ఈ మూడూ సర్వర్ ఎత్తకముందే టేపుతో తేల్చుకోగలిగినవే.

బెజ్జాల లెక్క నుంచి మొదలుపెడదాం, ఎందుకంటే మీ మొదటి ర్యాక్ సమస్య అక్కడే ఉందని నా అనుమానం. 19 అంగుళాల ర్యాక్‌లో ఒక యూ అంటే 44.45 మి.మీ. ఎత్తు, అందులో మూడు బెజ్జాలు. అయితే అవి సమాన దూరంలో ఉండవు. ఒక యూ లోపల బెజ్జానికీ బెజ్జానికీ మధ్య దూరం 15.9 మి.మీ., ఒక యూ చివరి బెజ్జానికీ పై యూ మొదటి బెజ్జానికీ మధ్య 12.7 మి.మీ. అంటే పోస్టు మీద దగ్గరగా కనబడే రెండు బెజ్జాల నడుమే యూ సరిహద్దు పోతుంది. పోస్టు మీద అంకెలు అచ్చేసి లేకపోయినా ఈ దగ్గర జంటను పట్టుకుంటే యూ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలుస్తుంది. అంకెలు ఉన్నా ఒకసారి చూసుకోండి. ఎక్కువ ర్యాక్‌లలో లెక్క కింది నుంచి పైకి ఉంటుంది, కొన్నింటిలో పై నుంచి కిందికి. వెనక పోస్టుల మీద అంకెలు లేని ర్యాక్‌లు కూడా చాలానే ఉన్నాయి. అక్కడే ఎక్కువ పొరపాట్లు దొర్లుతాయి.

వెనక కొన ఒక్క బెజ్జం పైకో కిందికో పడితే ఏమవుతుందో చూడండి. పోస్టుల మధ్య 740 మి.మీ. దూరం ఉంటే, 15.9 మి.మీ. తేడాకు రైల్ సుమారు 1.2 డిగ్రీలు వాలుతుంది. ఖాళీ రైల్‌ను చూస్తే ఈ వాలు కంటికి ఆనదు. రెండో పక్క రైల్ సరిగ్గా ఉండి ఇది ఒక్కటే వాలితే, సర్వర్ వెనక భాగం లోపలికి వెళ్లేకొద్దీ మెలి తిరుగుతుంది. మొదటి సగం సాఫీగా పోతుంది, ఆ తర్వాత బిగుసుకుంటుంది. మీరు చెప్పిన లక్షణం ఇదే. కాబట్టి సర్వర్‌ను బయటికి తీసి, నాలుగు మూలల్లోనూ పిన్నులు ఏ బెజ్జాల్లో ఉన్నాయో కింది నుంచి ఒక్కొక్కటిగా లెక్కపెట్టండి. చూపుతో కాదు, వేలు పెట్టి. నాలుగు చోట్లా ఒకే అంకె రావాలి. మార్కర్‌తో నాలుగు పోస్టుల మీదా గీత పెట్టుకుంటే రెండోసారి లెక్కించే పని ఉండదు.

లెక్క సరిపోయినా బిగుసుకుంటే రెండో అనుమానం వెడల్పు మీద. పోస్టుల మధ్య ఖాళీ కనీసం 450 మి.మీ. ఉండాలి, ఎడమ కుడి బెజ్జాల కేంద్రాల మధ్య దూరం 465.1 మి.మీ. సర్వర్ ఒంటి వెడల్పు 434 మి.మీ. అనుకుంటే ఒక్కో పక్క మిగిలేది 8 మి.మీ. ఆ 8 మి.మీ.లోనే రైల్ మూడు పొరలూ ఇమిడి ఉండాలి. వెనక పోస్టులు రెండు మి.మీ. దగ్గరికి వచ్చినా సర్వర్ పట్టేస్తుంది. టేపుతో ముందు, వెనక, పై భాగం, కింది భాగం అన్ని చోట్లా వెడల్పు కొలవండి. తేడా కనబడితే ర్యాక్ కాళ్లు నాలుగూ నేలకు సమంగా ఆనుతున్నాయో లేదో చూడండి. ఒక కాలు గాలిలో ఉంటే ర్యాక్ చట్రం మొత్తం మెలితిరిగి ఉంటుంది. కాళ్ల ఎత్తు సరిచేస్తే చాలాసార్లు వెడల్పు దానంతటదే సర్దుకుంటుంది. వెనక పోస్టులు జరిపే రకం అయితే వాటి బోల్టులు వదులు చేసి, ఎడమ కుడి దూరాలు ముందు పోస్టుతో సమానంగా ఉండేలా పెట్టి మళ్లీ బిగించాలి.

మూడో అనుమానం బాల్ రిటైనర్. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పాత రైల్స్ పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే.

స్లైడింగ్ రైల్‌లో మూడు భాగాలు: ర్యాక్‌కు బిగించే బయటి రైల్, జారే మధ్య రైల్, సర్వర్‌కు తగిలించే లోపలి రైల్. మధ్య రైల్ లోపల ఉక్కు గుళ్లను వరసగా పట్టుకున్న సన్నని పట్టీ ఒకటి ముందుకూ వెనక్కూ జారుతుంటుంది. అదే రిటైనర్. లోపలి రైల్‌ను మధ్య రైల్‌లోకి నేరుగా గుచ్చే రకం రైల్స్‌లో, సర్వర్‌ను తెచ్చే ముందు ఈ పట్టీని వేలితో ముందు అంచు దాకా లాగి పెట్టాలి. అది వెనకెక్కడో ఉండిపోతే లోపలి రైల్ కొన గుళ్ల మధ్యలోకి దూరకుండా పట్టీ అంచును గుద్దుకుంటుంది. కాస్త గట్టిగా నెడితే పట్టీ మడత పడుతుంది, గుళ్లు టపటపా నేల మీద రాలతాయి. గుళ్లు రాలిన రైల్‌ను మళ్లీ వాడొద్దు. మిగిలిన గుళ్ల మీద బరువంతా పడి, సర్వర్ పూర్తిగా బయటికి లాగినప్పుడు ఆ పక్క కుంగుతుంది. ఆ జతను పక్కన పెట్టి వేరే జత తెచ్చుకోవడమే మంచిది.

మీ రైల్స్ గుచ్చే రకమా, పై నుంచి దించే రకమా అన్నది చూసి తెలుసుకోవచ్చు. లోపలి రైల్ విడిగా ఊడివచ్చి సర్వర్ పక్కలకు తగిలించేలా ఉంటే గుచ్చే రకం. రైల్ పూర్తిగా బయటికి లాగినప్పుడు దాని లోపలి ముఖం మీద పై నుంచి తెరుచుకున్న జె ఆకారపు గాడులు కనబడి, సర్వర్ పక్కల బొడిపెలు ఉంటే దించే రకం. రెండింటికీ పనిచేసే రైల్స్ కూడా ఉన్నాయి.

గుచ్చే రకానికి వరస ఇలా: లోపలి రైల్‌లోని తాళపుచెవి బెజ్జాలను సర్వర్ బొడిపెల మీద కూర్చోబెట్టి, క్లిక్ వినబడేదాకా జరపాలి. ఆ స్ప్రింగు నాలుక బొడిపె వెనక పడిందో లేదో కంటితో చూసుకోవాలి. ర్యాక్‌లోని మధ్య రైల్స్‌ను రెండు పక్కలా తాళం పడేదాకా బయటికి లాగాలి. రిటైనర్లను ముందుకు తేవాలి. ఇద్దరు సర్వర్‌ను రెండు పక్కలా పట్టుకుని, రెండు లోపలి రైల్స్‌నూ ఒకేసారి గాడిలో పెట్టి, సర్వర్‌ను మట్టంగా ఉంచి నెట్టాలి. కొంత దూరం వెళ్లాక ఆగుతుంది. అది తాళం, ఇరుక్కోవడం కాదు. రెండు పక్కల విడుదల మీటలనూ ఒకేసారి నొక్కితే లేదా లాగితే మిగతా దూరం పోతుంది. ఒక పక్క మీట మాత్రమే నొక్కితే ఒక రైల్ వదిలి రెండోది పట్టుకుని ఉంటుంది, సర్వర్ అడ్డంగా తిరిగి బిగుసుకుంటుంది. మీ సమస్య ఇంత చిన్నదే కావచ్చు. బెజ్జాలు లెక్కించే ముందు ఇది చూడండి.

దించే రకంలో రైల్స్ రెండూ తాళం పడేదాకా బయటికి లాగి, సర్వర్ వెనక భాగాన్ని కొద్దిగా కిందికి వంచి, వెనక బొడిపెలను వెనక గాడుల్లో పెట్టాలి. తర్వాత ముందు భాగాన్ని నెమ్మదిగా దించుతూ మిగతా బొడిపెలు వాటి గాడుల్లో పడ్డాయో లేదో చూడాలి. ఒక పక్క ఒక్క బొడిపె గాడి పక్కకు పడ్డా సర్వర్ ఆ మూల కాస్త పైకి లేచి కనబడుతుంది. లేచి ఉన్నప్పుడు నెట్టకండి, ఎత్తి మళ్లీ దించండి. చివరి బొడిపె దగ్గరి లాచ్ క్లిక్ మన్నాకే చేతులు వదలాలి.

ఇప్పుడు పోస్టుల మధ్య దూరం. ముందు పోస్టు బయటి ముఖం నుంచి వెనక పోస్టు బయటి ముఖం దాకా కొలవండి. రైల్ పత్రంలో కనీస, గరిష్ఠ లోతులు ఇచ్చి ఉంటాయి. వాటిని ఏ ముఖం నుంచి కొలిచారో బొమ్మలో చూసుకోండి, తయారీదారుల మధ్య ఇక్కడ తేడా ఉంటుంది. సర్వర్ క్యాబినెట్‌లో ఈ దూరాన్ని సాధారణంగా 29 అంగుళాలు, అంటే సుమారు 737 మి.మీ. పెడతారు, ఎక్కువ రైల్స్ అక్కడ హాయిగా కూర్చుంటాయి. 600 మి.మీ. లోతున్న నెట్‌వర్క్ క్యాబినెట్, గోడకు తగిలించే క్యాబినెట్ మాత్రం పూర్తి లోతు సర్వర్‌కు పనికిరావు. రైల్ కనీస లోతు కంటే పోస్టులు దగ్గరగా ఉంటాయి, తలుపు మూసే దారి కూడా ఉండదు. రైల్‌ను కోసి పొట్టి చేద్దామన్న ఆలోచన వద్దు. కోసిన చోటే మధ్య రైల్‌కు ఆపే అడ్డు ఉంటుంది.

చదరపు బెజ్జాల ర్యాక్ అన్నింటికంటే సులువు. బెజ్జం 9.5 మి.మీ. చదరం. పనిముట్టు అక్కర్లేని రైల్స్ దీని కోసమే చేసినవి. ఎడమ, కుడి, ముందు అని రైల్ మీద అచ్చేసిన గుర్తులు చూసి, రైల్‌ను పొడవు లాగి, ఎక్కువ నమూనాల్లో వెనక కొనను ముందుగా ఎక్కించాలి. పిన్నులు బెజ్జాల్లోకి పోయి, కొక్కెం పోస్టు అంచును పట్టుకుని క్లిక్ మనాలి. ఆ తర్వాత ముందు కొన. రెండు కొనలూ ఎక్కాక రైల్‌ను పట్టుకుని ముందుకూ వెనక్కూ గట్టిగా గుంజి చూడండి. ఊగితే కొక్కెం పూర్తిగా పడలేదు. పోస్టు రేకు మరీ మందంగా ఉన్న ర్యాక్‌లలో, ముఖ్యంగా ఆడియో పరికరాల కోసం చేసిన వాటిలో, కొక్కెం అంచు దాటి రాదు. క్లిక్ రాలేదంటే ఆ రైల్‌ను ఆ ర్యాక్‌లో నమ్మకూడదు.

2యూ సర్వర్‌కు రైల్ రెండు యూలనూ ఆక్రమించదు. చాలా నమూనాల్లో అది కింది యూలో కూర్చుంటుంది. పై యూలో పెట్టేస్తే సర్వర్ ఒక యూ పైకి పోయి పైనున్న పరికరానికి తగులుతుంది. సర్వర్ ముందు అంచున రెండు పక్కలా ఉండే చెవుల స్క్రూలు పడే చోట కేజ్ నట్ (చదరపు బెజ్జంలో ఇరికించే, రేకు రెక్కలున్న నట్టు) కావాలా, రైల్ కొనలోనే థ్రెడ్ ఉందా అన్నది కూడా సర్వర్ ఎక్కించకముందే చూడండి. తర్వాత ఆ చోటికి చెయ్యి పట్టదు.

కేజ్ నట్ పెట్టేటప్పుడు చేసే తప్పు ఒకటుంది. రెక్కలు బెజ్జం పైకీ కిందికీ వచ్చేలా పెడతారు. రెక్కలు ఎడమ కుడి అంచులను పట్టుకోవాలి. నిలువుగా పెడితే స్క్రూ మీద బరువు పడినప్పుడు నట్టు జారి వెనక్కి ఊడిపోతుంది. పోస్టు లోపలి వైపు నుంచి ఒక రెక్కను బెజ్జం అంచున ఆనించి, కేజ్ నట్ కొక్కెంతో రెండో రెక్కను లాగాలి. వేళ్లతో నొక్కితే ఆ రేకు అంచు గోరు కింద దిగుతుంది. స్క్రూడ్రైవర్‌తో తోస్తే అది జారి అరచేతిలో గుచ్చుకుంటుంది. కొక్కెం చిన్న పనిముట్టే, దాన్ని కొనుక్కోండి.

రెండో ర్యాక్‌కు వస్తే, పిన్నులు దిగకపోవడం రైల్ లోపం కాదు. గుండ్రటి బెజ్జాలు రెండు రకాలు. థ్రెడ్ లేనివి సుమారు 7 మి.మీ. ఉంటాయి, రైల్ పిన్ను వాటిలో దిగుతుంది. కొన్ని రైల్స్‌లో పిన్ను మీద చదరపు తొడుగు ఉంటుంది, దాన్ని తీసేస్తే లోపలి గుండ్రటి పిన్ను బయటపడుతుంది. థ్రెడ్ ఉన్నవి మాత్రం ఇంకా సన్నం. అందులో పిన్ను కాదు, స్క్రూ పోవాలి. మీ రైల్ పత్రంలో థ్రెడ్ ర్యాక్ అన్న మాట ఉంటే, పిన్నులను ఊడదీసి కొన బ్రాకెట్‌ను స్క్రూలతో బిగించే పద్ధతి గానీ, విడిగా కొనే అడాప్టర్ బ్రాకెట్ గానీ చెప్పి ఉంటారు. ఆ మాటే లేకపోతే ఆ రైల్ ఆ ర్యాక్‌కు కాదు. అప్పుడు నాలుగు మూలలా స్క్రూలతో బిగించే స్థిరమైన రైల్స్ కానీ, సర్వర్ అడుగున ఆనే ఎల్ ఆకారపు పట్టీలు కానీ తీసుకోండి. వాటి మీద సర్వర్ బయటికి జారదు, మూత తెరవాలంటే మొత్తం తీయాలి. ఫ్యాన్, మెమొరీ తరచూ మార్చే సర్వర్‌ను అక్కడ పెట్టకండి. బెజ్జాలను డ్రిల్లుతో పెద్దవి చేయడం మాత్రం అస్సలు వద్దు. థ్రెడ్ పోతుంది, మళ్లీ రాదు. ఇనుప రజను కింది సర్వర్ ఫ్యాన్లలోంచి మదర్‌బోర్డు మీదికి పోతుంది.

థ్రెడ్ ఏదో తేల్చుకోకుండా స్క్రూ తిప్పకండి. ర్యాక్‌లలో కనబడేవి నాలుగు: ఎం5, ఎం6, 10-32, 12-24. ఇందులో రెండు జంటలు మోసం చేస్తాయి. 10-32 స్క్రూ 4.83 మి.మీ. మందం, దాని థ్రెడ్ చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం 0.794 మి.మీ. ఎం5 అయితే 5 మి.మీ., 0.8. ఎం5 నట్టులో 10-32 స్క్రూ హాయిగా తిరుగుతుంది, కానీ వదులుగా పట్టుకుని బరువు పడగానే థ్రెడ్ కోసుకుపోతుంది. 12-24 మందం 5.49, ఎం6 మందం 6 మి.మీ. 12-24 స్క్రూ ఎం6 నట్టులో రెండు మూడు చుట్లు తిరిగి పట్టినట్టే ఉంటుంది, బిగించగానే జారుతుంది. తిరగేసి ఎం6 స్క్రూను 12-24 బెజ్జంలో రెంచితో తిప్పితే బెజ్జం థ్రెడ్డే పాడవుతుంది. సరైన స్క్రూ అయితే మొదటి నాలుగైదు చుట్లు వేళ్లతోనే, ఊగకుండా పోతుంది. ఏదైనా రెండు చుట్లకే బిగుసుకుంటే అది ఆ బెజ్జం స్క్రూ కాదు.

స్క్రూలతో బిగించే రైల్స్‌లో ఇంకో కిటుకు. నాలుగు మూలలా స్క్రూలను పూర్తిగా ఎక్కించి, చివరి అర చుట్టు వదులుగా ఉంచండి. సర్వర్‌ను ఎక్కించి, లోపలికీ బయటికీ రెండుసార్లు నెమ్మదిగా జరపండి. రైల్స్ సర్వర్ వెడల్పుకు తగ్గట్టు తామే సర్దుకుంటాయి. సర్వర్ పూర్తిగా లోపల ఉన్నప్పుడు వెనక స్క్రూలు, బయటికి కొంచెం లాగి ముందు స్క్రూలు బిగించండి. ముందే కసిగా బిగించేస్తే ఆ ఒకటి రెండు మి.మీ. సర్దుబాటు పోయి సర్వర్ గరగరమంటూ కదులుతుంది.

టూ-పోస్ట్ ర్యాక్ విషయంలో నా సలహా సూటిగా: మీ స్లైడింగ్ రైల్స్ అందులో పెట్టకండి. వెనక పోస్టు లేని చోట స్లైడింగ్ రైల్‌కు ఆధారం లేదు. అది స్విచ్‌లకు, ప్యాచ్ ప్యానెల్‌లకు చేసిన ర్యాక్. తప్పదనుకుంటే సర్వర్ తయారీదారు టూ-పోస్ట్‌కని ఇచ్చే స్థిరమైన రైల్స్ మాత్రమే వాడాలి. వాటిని కూడా పోస్టు సర్వర్ నడుమకు వచ్చేలా బిగించాలి. ముందు అంచునే బిగిస్తే 700 మి.మీ. లోతు, 25 నుంచి 35 కిలోల బరువు వెనక గాలిలో వేలాడుతుంది. ర్యాక్ నేలకు బోల్టులతో దిగి ఉండాలి, పైన గోడకో కేబుల్ నిచ్చెనకో కట్టి ఉండాలి. స్థలం ఉంటే ఇంకా మంచి దారి ఉంది. అదే రకం టూ-పోస్ట్ ర్యాక్ ఇంకోటి 737 మి.మీ. వెనక నిలిపి నేలకు బిగించి, రెండింటినీ పైన కలిపితే నాలుగు పోస్టుల ర్యాక్ అవుతుంది. అప్పుడు రెండింటి బెజ్జాలూ ఒకే మట్టంలో ఉన్నాయో లేదో స్పిరిట్ లెవెల్‌తో చూసుకోవాలి. ఆ తర్వాత థ్రెడ్ ర్యాక్ గురించి పైన చెప్పిందంతా దీనికీ వర్తిస్తుంది.

వెడల్పు చూసుకోకుండా పాత టెలికాం ర్యాక్‌లు కొనకండి. 23 అంగుళాలవి ఉంటాయి, వాటికి రెండు పక్కలా అడాప్టర్ చెవులు కావాలి. ఎట్సీ (యూరప్ టెలికాం ప్రమాణాల సంస్థ) ప్రమాణపు ర్యాక్‌లలో ఎత్తు లెక్క 25 మి.మీ. చొప్పున నడుస్తుంది, మన యూ లెక్క కుదరదు. ‘ఓపెన్ ర్యాక్’ అనే పేరున్న ప్రమాణం (మీ తలుపుల్లేని ఓపెన్ ర్యాక్ కాదు) 21 అంగుళాలది, ఒక ఓపెన్ యూ 48 మి.మీ. దాని సర్వర్లు రైల్స్ మీద కాక పక్కల అంచుల మీద కూర్చుని వెనక బస్‌బార్‌కు (కరెంటు అందించే లోహపు పట్టీకి) తగులుతాయి.

రైల్స్ కుదిరాక బరువు సంగతి. ర్యాక్ ముందు స్థిరీకరణ కాళ్లు బయటికి లాగి, కింది నుంచి పైకి నింపండి. ఒకసారికి ఒక్క సర్వర్ మాత్రమే బయటికి లాగాలి. రెండు 2యూ సర్వర్లు పూర్తిగా బయట ఉంటే ఖాళీగా ఉన్న క్యాబినెట్ ముందుకు ఒరిగిపోగలదు. ఎత్తే ముందు డ్రైవులు, పవర్ సప్లైలు తీస్తే చెప్పుకోదగ్గ బరువు తగ్గుతుంది. డ్రైవ్ సర్వర్‌లో ఏ అరలోదో దాని మీద అంకె రాసిపెట్టుకోండి, తారుమారు కాకూడదు. నడుము ఎత్తు కంటే పైన పెట్టాలంటే లిఫ్ట్ వాడండి, లేదా మూడో మనిషిని పిలవండి.

చివరగా సర్వర్ వెనక. నిలువుగా బిగించిన పవర్ స్ట్రిప్ రైల్ వెనక కొనకు అడ్డుపడుతుంటుంది, ముఖ్యంగా రైల్‌ను కనీస లోతుకు దగ్గరగా మూసినప్పుడు. రైల్ కొన పోస్టు దాటి ఎంత పొడుచుకొస్తుందో కొలిచి, స్ట్రిప్‌ను రెండో పక్కకు మార్చండి. కేబుల్ చేయి (సర్వర్‌తో పాటు కదులుతూ కేబుళ్లను పట్టుకునే మడత పట్టీ) పెడితే ఇంకా లోతు కావాలి, వెనక తలుపు మూసి చూడాలి. కేబుళ్లు తగిలించాక సర్వర్‌ను పూర్తిగా బయటికి లాగి, ఏ కేబుల్ బిగుసుకుంటుందో కళ్లతో చూడండి. కరెంటు తీగ మొదట లాగబడుతుంది, దానికి అదనంగా ఒక చేతి పొడవు వదలండి. మళ్లీ లోపలికి నెట్టేటప్పుడు విడుదల మీట మీద, రైల్ పక్కన వేళ్లు ఉంచకండి. మధ్య రైల్ మూసుకునే చోట వేలు నలిగిపోతుంది.

మొదటి ర్యాక్‌లో ఈ వరసలో చూడండి: రెండు మీటలు, నాలుగు మూలల బెజ్జాల లెక్క, రిటైనర్, వెడల్పు. లెక్క నాలుగు చోట్లా సరిపోయి, వెడల్పు అంతటా 450 దాటి ఉండి, ఖాళీ రైల్ చేత్తో లాగితే జారి, సర్వర్‌తో మాత్రమే బిగుసుకుంటుంటే, లోపలి రైల్‌ను సర్వర్ నుంచి తీసి చదునైన బల్ల మీద పెట్టి చూడండి. అంచు ఎక్కడైనా పైకి లేస్తే అది ఇదివరకే వంగిన రైల్. ఆ జతకు బదులు అదే పార్ట్ నంబరున్న జత తెచ్చుకోండి. పైకి ఒకేలా కనబడే వేరే తరం రైల్‌లో బొడిపెల దూరం వేరుగా ఉండొచ్చు.